హస్కీ కుక్కల పెడిగ్రీ రిజిస్ట్రేషన్, ఆరోగ్య పరీక్షలు, క్రాసింగ్: ఏ పని ఎప్పుడు, ఎలా చేయాలి

పెడిగ్రీ సర్టిఫికెట్ చేతికొచ్చిందంటే హస్కీని క్రాసింగ్‌కు పెట్టేయొచ్చని చాలామంది నమ్ముతారు. ఆ కాగితం చెప్పేది కుక్క పుట్టుక గురించి మాత్రమే: తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వాటి వెనక మూడు నాలుగు తరాల్లో ఏయే కుక్కలున్నాయి. కళ్లలో శుక్లం మొదలైందా, తుంటి కీళ్లు సరిగ్గా కూర్చున్నాయా, ఆ వంశంలో మూర్ఛ ఉందా అన్న ప్రశ్నలకు అందులో జవాబు దొరకదు. ఆ జవాబులు మీరే పరీక్షలు చేయించి తెచ్చుకోవాలి, అదీ క్రాసింగ్‌కు ముందే.

తప్పు ఎక్కువగా జరిగేది పనుల వరుసలో. ఆడ కుక్క ఎదకు రాగానే మగదాన్ని వెతుకుతారు. పిల్లలు పుట్టాక కాగితాల కోసం పరుగెత్తుతారు. పిల్లను తీసుకెళ్లినవాళ్లు ఫోన్ చేసినప్పుడు గానీ జబ్బు సంగతి తెలియదు. సరైన వరుస ఇది: మైక్రోచిప్, మీ పేరు మీదికి బదిలీ, కెన్నెల్ పేరు (మీ దగ్గర పుట్టే పిల్లల పేర్లకు తగిలించే మీ గుర్తింపు పేరు), ఆరోగ్య పరీక్షలు, జత ఎంపిక, రాతపూర్వక ఒప్పందం, ఆ తర్వాతే క్రాసింగ్.

ముందు కాగితాలు సరిచూసుకోండి

హస్కీ, అంటే సైబీరియన్ హస్కీ జాతికి అమెరికన్ కెన్నెల్ క్లబ్, అంటే ఏకేసీ, 1930లో గుర్తింపు ఇచ్చింది. వివిధ దేశాల కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఎఫ్‌సీఐ జాబితాలో దీని ప్రమాణం నంబరు 270, గ్రూపు 5. ఎఫ్‌సీఐ తానుగా ఎవరికీ పెడిగ్రీ ఇవ్వదు. ఆయా దేశాల్లోని సభ్య క్లబ్బులే ఇస్తాయి. కాబట్టి 'నేరుగా ఎఫ్‌సీఐ నుంచి వచ్చిన సర్టిఫికెట్' అంటూ ఎవరైనా చూపిస్తే అక్కడే ఆగండి. ఫొటో చూసి, డబ్బు కట్టించుకుని కాగితం పంపే రిజిస్ట్రీల పత్రం కూడా తల్లిదండ్రులకు రుజువు కాదు.

సర్టిఫికెట్ మీద చిప్ నంబరు 15 అంకెలు ఉంటుంది. స్కానర్‌తో కుక్క మెడ, భుజాల దగ్గర చదివించి, అంకె అంకె మీరే పోల్చుకోండి. ఒక్క అంకె తేడా ఉన్నా క్లబ్బు దగ్గర సరిచేయించుకోకుండా ముందుకు వెళ్లొద్దు, ఎందుకంటే రేపు కంటి రిపోర్టు, ఎక్స్‌రే, డీఎన్ఏ ఫలితం అన్నీ ఆ నంబరుతోనే కుక్కకు ముడిపడతాయి. చిప్ లేకుండా తీయించిన ఎక్స్‌రే ఏ కుక్కదో ఎవరూ తేల్చలేరు.

తర్వాత యజమాని పేరు చూడండి. కుక్క మీ ఇంట్లో ఉండటం వేరు, క్లబ్బు పుస్తకంలో మీ పేరు మీద ఉండటం వేరు. ఇద్దరి పేర్ల మీద ఉంటే సాధారణంగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. వేరే దేశం నుంచి తెచ్చుకున్న కుక్కకు అక్కడి క్లబ్బు ఇచ్చే ఎగుమతి పెడిగ్రీ ఉండాలి. అది లేకపోతే మీ క్లబ్బులో నమోదు చేయరు. ఇంకో మెలిక ఉంది. కొన్ని కుక్కల్ని బ్రీడర్లు 'లిమిటెడ్ రిజిస్ట్రేషన్' మీదో, పిల్లల నమోదుకు అడ్డుచెప్పే షరతు మీదో ఇస్తారు. అలాంటి కుక్కకు స్వచ్ఛమైన పెడిగ్రీ ఉన్నా దాని పిల్లల్ని క్లబ్బు నమోదు చేయదు. ఆ షరతు ఎత్తేసే హక్కు పెట్టిన బ్రీడర్‌దే, కాబట్టి ఆడ కుక్క ఎదకు వచ్చాక కాదు, కొనేటప్పుడే అడగండి.

కెన్నెల్ పేరు కావాలంటే ముందుగా దరఖాస్తు చేయండి. మీరడిగిన పేరు ఇంకొకరికి ఉందా అని పరిశీలించాకే ఇస్తారు గనక సమయం పడుతుంది. పిల్లలు పుట్టాక వచ్చిన పేరును వాటికి తగిలించడం చాలాచోట్ల కుదరదు.

కుక్క నిజంగా జాతి ప్రమాణానికి దగ్గరగా ఉందా? మగది భుజం దగ్గర 53.5 నుంచి 60 సెంటీమీటర్లు, 20.5 నుంచి 28 కిలోలు, ఆడది 50.5 నుంచి 56 సెంటీమీటర్లు, 15.5 నుంచి 23 కిలోలు. ఈ ఎత్తు దాటితే అది అనర్హత కిందికి వస్తుంది. 'జెయింట్ హస్కీ', 'మినియేచర్ హస్కీ' అనే రకాలు ఈ జాతిలో లేవు. పామ్‌స్కీ అనేది పామరేనియన్‌తో కలిపిన సంకరం. 'ఊలీ' హస్కీది పొడవు జుట్టు. జాతి ప్రమాణంలో అది లోపం. తల్లిదండ్రులిద్దరి నుంచీ అంతర్గత జన్యువు వస్తే అది బయటపడుతుంది, మామూలు జుట్టున్న జతకూ పుట్టొచ్చు. అలా పుట్టిన పిల్ల ఆరోగ్యంగా ఉంటుంది, మంచి ఇంటికి వెళ్తుంది. దాన్ని 'అరుదైన రకం' అంటూ ఎక్కువ ధరకు అమ్మడం మాత్రం మోసం. మెర్ల్ మచ్చలు, అంటే లేత రంగు మీద చెల్లాచెదురుగా ఉండే ముదురు మచ్చలు, హస్కీకి సహజమైన రంగు కాదు, పెడిగ్రీలో ఎక్కడో కలుపు జరిగిందన్న గట్టి అనుమానానికి అది చాలు. రెండు మెర్ల్ కుక్కల్ని కలిపితే చెవుడు, గుడ్డితనం ఉన్న పిల్లలు పుట్టే ప్రమాదం ఉంది.

నీలి కళ్లను 'అరుదు' అంటూ ఎక్కువ ధర అడగడం కూడా అలాంటిదే. గోధుమ రంగు, నీలం, ఒకటి అదీ ఒకటి ఇదీ, ఒకే కంట్లో రెండు రంగులు, అన్నీ ప్రమాణానికి సమ్మతమే. హస్కీల నీలి కళ్లకు 18వ క్రోమోజోమ్ మీద ఏఎల్ఎక్స్4 జన్యువు దగ్గరి ఒక నకలు భాగంతో సంబంధముందని 2018లో తేలింది. దానికీ ఆరోగ్యానికీ, పెడిగ్రీ విలువకూ సంబంధం లేదు.

కళ్లు: అన్నిటికన్నా ముందు, ప్రతి ఏడాదీ

హస్కీకి వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల్లో కంటివే ముందుంటాయి. చిన్న వయసులోనే, కొన్నిటికి కొన్ని నెలల ప్రాయంలోనే వచ్చే శుక్లం ఒకటి. నల్లగుడ్డు ముందుపొరలో కొవ్వు స్ఫటికాలు పేరుకుని మసకబారే కార్నియా డిస్ట్రోఫీ రెండోది. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లాకోమా మూడోది. రెటీనా క్రమంగా పాడయ్యే ఎక్స్ఎల్‌పీఆర్ఏ నాలుగోది. ఇందులో చివరిదానికి డీఎన్ఏ పరీక్ష ఉంది. చిన్న వయసు శుక్లం విషయంలో డీఎన్ఏ కిట్ మీద ఆధారపడొద్దు. మామూలు పశువైద్యుడు టార్చి వేసి చూసినా అది సరిపోదు. పశువుల కంటి నిపుణుడి దగ్గరికే వెళ్లాలి.

పరీక్షకు వెళ్లేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. గ్లాకోమా ప్రమాదాన్ని చూసే గోనియోస్కోపీని కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయకముందే చేయాలి. శుక్లం, రెటీనా చూడటానికి మాత్రం ఆ చుక్కలు వేసి ఓ అరగంట ఆగాలి. రెండూ ఒకే రోజు చేయించుకుంటున్నామని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెబితే వరుస తప్పదు. కంటి సర్టిఫికెట్‌కు ఏడాది విలువ. కిందటేడు కళ్లు బాగున్న కుక్కకు ఈ ఏడాది శుక్లం కనిపించవచ్చు, కాబట్టి క్రాసింగ్‌కు ముందటి 12 నెలల్లో తీసిన రిపోర్టు ఉండాలి. క్రాసింగ్‌లు మానేశాక కూడా పరీక్షలు ఆపకండి. ఎనిమిదేళ్ల వయసులో వచ్చిన ఫలితం దాని పిల్లల్ని వాడేవాళ్లకు పనికొస్తుంది.

ఎక్స్ఎల్‌పీఆర్ఏ ఎక్స్ క్రోమోజోమ్ మీద నడుస్తుంది గనక లెక్క వేరుగా ఉంటుంది. క్యారియర్ తల్లికి, అంటే తనకు జబ్బు పెద్దగా లేకున్నా ఆ జన్యువును మోస్తున్న తల్లికి, మంచి మగదాన్ని కలిపితే కొడుకుల్లో సగానికి జబ్బు, కూతుళ్లలో సగం క్యారియర్లు అయ్యే అవకాశం. జబ్బున్న తండ్రికి మంచి తల్లిని కలిపితే కొడుకులు అందరూ బాగుంటారు, కూతుళ్లు అందరూ క్యారియర్లే. కొడుకుల్ని చూసి 'ఈ మగదాని పిల్లలు బాగానే ఉన్నాయి' అని మోసపోయేది ఇక్కడే.

తుంటి, నరాలు, చర్మం

తుంటి కీలు సరిగ్గా కుదురుకోని జబ్బు, హిప్ డిస్‌ప్లేసియా, పెద్ద జాతులతో పోలిస్తే హస్కీల్లో తక్కువ. ఇన్నేళ్లుగా ఎక్స్‌రేలు తీసి ఏరుకుంటూ రావడం కూడా అందుకు ఒక కారణం, కాబట్టి పరీక్ష మానేయడానికి అది సాకు కాదు. కుక్కల ఎముకలు, కీళ్ల పరీక్షలకు గ్రేడులిచ్చే అమెరికా సంస్థ ఓఎఫ్ఏ తుది గ్రేడు 24 నెలలు నిండాకే ఇస్తుంది. పెన్‌హిప్ పద్ధతిలో 16 వారాల నుంచే కీలు వదులును కొలవొచ్చు. ఎఫ్‌సీఐ పద్ధతిలో ఏ నుంచి ఈ దాకా గ్రేడులుంటాయి. ఏ, బీ ఉన్నవాటినే వాడండి. ఆడ కుక్క ఎదలో ఉన్నప్పుడు, పాలిస్తున్నప్పుడు హార్మోన్ల వల్ల కీళ్లు వదులుగా కనిపించవచ్చు. ఎదకు అటూ ఇటూ నెల రోజులు, పాలు మాన్పించాక మరో నెల వదిలేసి తీయించండి.

మూర్ఛకు నమ్ముకోదగ్గ డీఎన్ఏ పరీక్ష లేదు. కారణం దొరకని మూర్ఛ ఎక్కువగా ఆరు నెలల నుంచి ఆరేళ్ల మధ్య మొదలవుతుంది. అందుకే పేరున్న రెండేళ్ల మగ కుక్క కంటే, ఐదారేళ్లు నిండి, ఒక్కసారి కూడా ఫిట్స్ రాని మగదాన్నే నేను సిఫారసు చేస్తాను. దాని తోబుట్టువుల సంగతి కూడా అడగండి. జవాబు చెప్పడానికి వెనకాడే యజమాని మగ కుక్కను వదిలేయండి.

ముక్కు, కళ్లు, మూతి చుట్టూ, పాదాల మెత్తల మీద పొలుసులు, పెచ్చులు కడుతుంటే చాలామంది ఫంగస్ అనుకుని నెలల తరబడి పూత మందులు వాడతారు. హస్కీల్లో ఇది జింక్ లోపం వల్ల వచ్చే చర్మవ్యాధి కావచ్చు. తిండిలో జింక్ ఉన్నా ఒంటికి సరిగ్గా పట్టకపోవడం కొన్ని వంశాల్లో ఉంటుంది. ధాన్యం ఎక్కువైన తిండి, అవసరం లేకుండా వేసే కాల్షియం పొడి జింక్‌ను ఇంకా అడ్డుకుంటాయి. చర్మం ముక్క తీసి బయాప్సీ చేస్తే తేలుతుంది. మూల జింక్ (బిళ్ల మొత్తం బరువు కాదు, అందులోని అసలు జింక్) లెక్కన కిలో బరువుకు రోజుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు డాక్టరు పర్యవేక్షణలో ఇస్తారు. ఎక్కువైతే వాంతులు, ఇంకా ఎక్కువైతే విషం. మందుతో తగ్గినా వంశ లక్షణం పోదు, ఆ కుక్కను బ్రీడింగ్‌కు వాడొద్దు. కాన్పు అయిన రెండు మూడు నెలలకు తల్లి బొచ్చు గుత్తులుగా రాలిపోవడం మాత్రం మామూలే, దాన్ని దీనితో కలపొద్దు.

ఇవి కాక థైరాయిడ్, వెన్నుపాము క్షీణతకు ఎస్ఓడీ1 డీఎన్ఏ పరీక్ష, మగదానికి రెండు వృషణాలూ కిందికి దిగాయా, పళ్ల అమరిక కత్తెరలా ఉందా అన్నవి చూడండి. మనుషుల్ని చూసి వణికే కుక్క, మీదికి దూకే కుక్క ఎంత అందంగా ఉన్నా బ్రీడింగ్‌కు పనికిరాదు.

జత ఎంపిక

నేటి హస్కీలు ఈశాన్య సైబీరియాలోని చుక్చీ ప్రజల స్లెడ్జ్ కుక్కల సంతతి. 1908 ప్రాంతం నుంచి అలాస్కాకు చేరిన కొద్ది కుక్కల మీదే పాశ్చాత్య దేశాల్లో ఈ జాతి పెంపకం నిలిచింది. 1930 తర్వాత సైబీరియా నుంచి ఎగుమతులు ఆగిపోయాయి. పునాది చిన్నది. అందుకే దగ్గరి రక్తం విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి.

దీన్ని కొలిచే సంఖ్యను సీఓఐ అంటారు. తండ్రీ కూతుళ్ల జతకు, తోడబుట్టినవాటి జతకు 25 శాతం, సగం తోబుట్టువులకు 12.5, అన్నదమ్ముల పిల్లలకు 6.25. సర్టిఫికెట్‌లో కనిపించే మూడు నాలుగు తరాలతో లెక్క వేస్తే సంఖ్య చిన్నగా వచ్చి ధైర్యం ఇస్తుంది. పది తరాల డేటాతో వేస్తే అదే జత ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే ఉమ్మడి పూర్వీకులు వెనక తరాల్లో దాగి ఉంటాయి. పది తరాల లెక్కలో 6 శాతం దాటని జతను వెతకండి.

మామూలు అంతర్గత జబ్బుల్లో క్యారియర్‌ను పూర్తిగా తీసేయాల్సిన పని లేదు. క్యారియర్‌ను జబ్బు జన్యువు లేనిదానితో కలిపితే ఏ పిల్లకూ జబ్బు రాదు, సగం క్యారియర్లు అవుతాయి. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి పిల్లకూ 25 శాతం ప్రమాదం. చిన్న పునాది ఉన్న జాతిలో క్యారియర్లన్నిటినీ ఒకేసారి ఏరిపారేస్తే మిగిలిన గుంపు ఇంకా ఇరుకవుతుంది. అన్నీ బాగున్న క్యారియర్‌ను సరైన జతతో వాడి, తర్వాతి తరంలో జన్యువు లేని పిల్లను ఉంచుకోవడమే మంచి దారి.

వయసు విషయంలో క్లబ్బుల నియమాలు కనీస హద్దులు మాత్రమే. ఏకేసీ 8 నెలల వయసులో క్రాసింగ్ అయిన ఆడ కుక్కకు పుట్టిన పిల్లల్ని కూడా నమోదు చేస్తుంది. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఏడాది నిండని తల్లి, కాన్పు నాటికి ఎనిమిదేళ్లు దాటిన తల్లి, ఇప్పటికే నాలుగు కాన్పులో రెండు సిజేరియన్లో అయిన తల్లి పిల్లల్ని నమోదు చేయదు. మీరు మాత్రం 24 నెలలు నిండి, పరీక్షలన్నీ వచ్చాకే మొదటిసారి క్రాసింగ్ చేయించండి.

క్రాసింగ్

ఎద మొదలైన వెంటనే రెండు కుక్కలకూ బ్రూసెల్లా కేనిస్ అనే బ్యాక్టీరియా కోసం రక్తపరీక్ష చేయించండి. ఆ బ్యాక్టీరియా గర్భస్రావాలు, వంధ్యత్వం తెస్తుంది, మనుషులకూ అంటుకుంటుంది, పూర్తిగా నయం చేయడం చాలా కష్టం. మగ కుక్క యజమానితో ఒప్పందం రాసుకోండి: ఫీజు ఎంత లేదా ఏ పిల్ల ఇవ్వాలి, చూలు నిలవకపోతే ఏంటి, నమోదు ఫారం మీద సంతకం ఎప్పుడు పెడతారు. సంతకం సంగతి నోటిమాటగా వదిలేసినవాళ్లే తర్వాత కాగితాలు లేక చిక్కుకుంటారు.

తొమ్మిదో రోజు, పదకొండో రోజు అంటూ లెక్కపెట్టి కలపడం వల్లే ఎక్కువ క్రాసింగ్‌లు విఫలమవుతాయి. రక్తస్రావం మొదలైన ఐదారు రోజుల నుంచి రెండు రోజులకోసారి రక్తంలో ప్రొజెస్టిరాన్ హార్మోన్ చూడండి. మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల దగ్గర, అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్ ఉప్పొంగుతుంది, 5 దాటేసరికి అండం విడుదలవుతుంది. ఆ అండం పక్వానికి రావడానికి ఇంకో రెండు రోజులు కావాలి. అందుకే విడుదలైన రెండో రోజు, నాలుగో రోజు కలపడం సరైన సమయం. ముడిపడ్డాక 5 నుంచి 30 నిమిషాలు విడిపోవు. లాగితే రెండిటికీ గాయమవుతుంది, పక్కనే పట్టుకుని ఉండండి.

ఎదలో ఉన్న హస్కీ కంచె దూకుతుంది, కింద తవ్వుతుంది. మూడు నాలుగు వారాలు తాళం వేసిన గదే దానికి చోటు. ఒకే ఎదలో ఇంకో మగది కలిసిందని అనుమానం ఉన్నా పిల్లలన్నిటికీ డీఎన్ఏ తండ్రి పరీక్ష చేయించనిదే నమోదుకు వెళ్లకూడదు.

చూలు, కాన్పు

25 నుంచి 30 రోజుల మధ్య స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. పిల్లల లెక్కకు 55వ రోజు తర్వాత ఎక్స్‌రే తీయించండి. లోపల ఇంకా ఎన్ని ఉన్నాయో కాన్పు రోజు తెలియాలంటే అదే ఆధారం. మొదటి ఐదు వారాలు తిండి పెంచకండి. హస్కీ తన సైజుకు తక్కువే తింటుంది, లావెక్కిన తల్లికి కాన్పు కష్టమవుతుంది. ఆరో వారం నుంచి మెల్లగా కుక్కపిల్లల ఫుడ్‌కు మార్చి, చివరికి నాలుగో వంతు నుంచి సగం దాకా పెంచండి. చూలుతో ఉన్నప్పుడు కాల్షియం బిళ్లలు వేయొద్దు. బయటి కాల్షియం వస్తుంటే ఒంటి సొంత సర్దుబాటు నెమ్మదిస్తుంది. పాలిచ్చే వారాల్లో రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి వణుకు, కాళ్లు బిగుసుకుపోవడం, ఫిట్స్ వస్తాయి. అది గంటల్లో ప్రాణం తీసే పరిస్థితి.

అండం విడుదలైన రోజు తెలిస్తే కాన్పు 63వ రోజుకు ఒక రోజు అటూ ఇటూగా వస్తుంది. 58వ రోజు నుంచి ఉదయం, సాయంత్రం మలద్వారంలో ఉష్ణోగ్రత చూడండి. 37.2 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగిందంటే సాధారణంగా 24 గంటల్లో నొప్పులు మొదలవుతాయి. కాన్పుకు సిద్ధం చేసిన పెట్టె లోపల గోడల వెంట పట్టీ కొట్టండి, తల్లి ఒరిగినప్పుడు పిల్ల గోడకూ తల్లికీ మధ్య నలగదు. మొదటి వారం పిల్లల దగ్గర 29 నుంచి 32 డిగ్రీలు ఉండాలి. దట్టమైన బొచ్చున్న హస్కీ తల్లి ఆ వేడికి తట్టుకోలేక పిల్లల్ని వదిలి వెళ్లిపోతుంది, కాబట్టి పెట్టెలో ఒక పక్కే వేడి పెట్టి మిగతాది చల్లగా ఉంచండి.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన సందర్భాలు: గట్టి నొప్పులు అరగంటసేపు వచ్చినా పిల్ల రాకపోవడం, పిల్లకూ పిల్లకూ మధ్య రెండు గంటలు దాటడం, మొదటి పిల్లకు ముందే ముదురాకుపచ్చ స్రావం రావడం. మాయలు ఎన్ని పడ్డాయో రాసుకోండి.

జున్నుపాలు మొదటి 12 గంటల్లోనే తాగించాలి. 24 గంటలు దాటితే వాటిలోని రక్షణ పిల్ల ఒంటికి ఎక్కదు. చల్లబడిన పిల్లకు పాలు పట్టకండి. ఒళ్లు 35 డిగ్రీల కిందికి పడితే పేగు కదలిక ఆగుతుంది, పాలు లోపలే పులుస్తాయి లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు ఒంటికి ఆనించుకుని మెల్లగా వెచ్చబరచండి. గ్రాముల తూకంతో రోజూ రెండుసార్లు బరువు రాయండి. మొదటి రోజు 10 శాతం కంటే ఎక్కువ తగ్గినా, రెండో రోజు నుంచి పెరగకపోయినా డాక్టరుకు చూపించండి. పది రోజుల నుంచి రెండు వారాల్లో పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి.

పిల్లల నమోదు, అప్పగింత

నులిపురుగుల మందు 2, 4, 6, 8 వారాలకు, మొదటి టీకా 6 నుంచి 8 వారాల మధ్య. ఆ టీకా రోజే చిప్ వేయించి, ఏ పిల్లకు ఏ నంబరో రంగు, గుర్తులతో రాసుకోండి. ఒకే రంగు పిల్లలు తారుమారయ్యేది ఈ దశలోనే. ఏకేసీలో కాన్పు నుంచి 6 నెలల్లోపు, బ్రిటన్‌లో 12 నెలల్లోపు నమోదు చేయాలి. మీ క్లబ్బు గడువు ముందే కనుక్కుని, పుట్టిన వారంలోనే దరఖాస్తు పెట్టండి. తల్లిదండ్రుల నంబర్లు, కలిపిన తేదీలు, మగ, ఆడ పిల్లల లెక్క, ఇరువైపుల సంతకాలు ఉండాలి. పెంపుడు కుక్కలుగా వెళ్లేవాటినీ నమోదు చేసి, వాటికి లిమిటెడ్ షరతు పెట్టండి.

ఎనిమిది వారాలు నిండకుండా ఏ పిల్లనూ పంపకండి. తీసుకునేవాళ్ల ఇంటికి 1.8 మీటర్ల కంచె, దాని అడుగున భూమిలోకి దిగిన వల ఉన్నాయా, పిల్లులో కోళ్లో ఉన్నాయా అడగండి. వేడికి బొచ్చు గొరిగేయొద్దని, రెండు పొరల బొచ్చే ఎండ నుంచి కాపాడుతుందని చెప్పండి. అప్పగింత ఫైల్లో పెడిగ్రీతో పాటు తల్లిదండ్రుల కంటి, తుంటి రిపోర్టుల నకళ్లు, డీఎన్ఏ ఫలితాలు, టీకా కార్డు, ఇప్పుడు పెడుతున్న తిండి పేరు, కొలత ఉండాలి. ఏ వయసులోనైనా ఉంచుకోలేకపోతే కుక్కను మీకే తిరిగి ఇవ్వాలన్న షరతు ఒప్పందంలో రాయండి. ఏడాదికి, రెండేళ్లకు, ఐదేళ్లకు ఆ ఇళ్లకు ఫోన్ చేసి కళ్లు, ఫిట్స్, చర్మం గురించి అడిగి తేదీతో పుస్తకంలో ఎక్కించండి. ఒక్క పిల్లకు శుక్లమో మూర్ఛో వచ్చిందని తెలిస్తే ఆ జతను మళ్లీ కలపొద్దు. మగ కుక్క యజమానికి, మిగతా పిల్లల ఇళ్లకు అదే వారంలో తెలియజేయండి.